దిద్దే మనిషి లేని పని అనుభవం

కొన్నేళ్లుగా ఇంజినీరింగ్, కామర్స్ విద్యార్థుల రెజ్యూమెల్లో పెద్ద పెద్ద బ్యాంకుల పేర్లు కనిపిస్తున్నాయి. జేపీ మోర్గాన్‌లోనో, గోల్డ్‌మన్ శాక్స్‌లోనో, సిటీలోనో ‘వర్చువల్ వర్క్ ఎక్స్‌పీరియన్స్’ పూర్తి చేశామని వాళ్లు రాసుకుంటున్నారు. ఆ విద్యార్థులు బ్యాంకు గడప తొక్కలేదు. ఆ బ్యాంకు ఉద్యోగి ఎవరూ వాళ్లతో మాట్లాడలేదు. ఇంట్లోనో హాస్టల్లోనో కూర్చుని, ల్యాప్‌టాప్ మీద కొన్ని గంటలు పనిచేసి, చివరికి ఒక సర్టిఫికెట్ డౌన్‌లోడ్ చేసుకున్నారు. ఇందులో మోసం లేదు. శ్రద్ధగా చేసినవారికి నేర్చుకునేది కూడా ఉంది. కానీ కాలేజీలు దీన్ని ఇంటర్న్‌షిప్ లెక్కలో వేసుకునే ధోరణి, విద్యార్థులు ఇదే పని అనుభవమని నమ్మే ధోరణి పెరుగుతున్నప్పుడు అసలు పని అనుభవం అంటే ఏమిటో తేల్చుకోక తప్పదు. ఆఫీసులో చేశారా, ఇంట్లో చేశారా అన్నది నా దృష్టిలో రెండో విషయం. చేసిన పనిని బాధ్యత గల మరొక మనిషి చూసి, తప్పు చూపించి, మళ్లీ చేయించారా అన్నది మొదటి విషయం. ఆ మనిషి ఉంటే ఆన్‌లైన్ అనుభవం కూడా నిఖార్సైన అనుభవమే. ఆ మనిషి లేనప్పుడు అది మంచి పాఠం కావచ్చు, అంతకు మించి ఏమీ కాదు.

ఈ కార్యక్రమాలు ఎక్కువగా ఫోరేజ్ అనే వేదిక మీద నడుస్తున్నాయి. 2017లో ఆస్ట్రేలియాలో ఇన్‌సైడ్‌షెర్పా పేరుతో మొదలైన సంస్థ అది. ప్రవేశ పరీక్ష లేదు, ఫీజు లేదు, మార్కుల కటాఫ్ లేదు. మన విద్యార్థులకు బాగా తెలిసినది జేపీ మోర్గాన్ సాఫ్ట్‌వేర్ ఇంజినీరింగ్ కార్యక్రమం. చాలాకాలం నడిచిన రూపంలో అందులో ఇచ్చే పని ఇలా ఉండేది: ధరలు దాదాపు కలిసి కదిలే రెండు షేర్లు ఉన్నాయి. వాటి మధ్య నిష్పత్తి మామూలు హద్దు దాటితే ట్రేడర్‌కు వెంటనే తెలియాలి. అందుకోసం విద్యార్థి ముందుగా ధరల డేటాను అందుకునే పైథాన్ కోడ్‌లోని లోపాలను సవరించాలి. లెక్క సరిగ్గా వస్తోందో లేదో చూసే చిన్న టెస్టులు రాయాలి. ఆ తర్వాత, ఆ బ్యాంకే తయారుచేసి ఓపెన్ సోర్స్‌గా విడుదల చేసిన పర్‌స్పెక్టివ్ అనే సాధనంతో ఆ డేటాను తెరమీద గ్రాఫ్‌గా చూపించాలి. ఒక్కో దశలో జవాబు పంపగానే నమూనా జవాబు కనిపిస్తుంది. రెండింటినీ పక్కపక్కన పెట్టి చూసుకోవడం విద్యార్థి ఇష్టం. ఇలాంటివి సాధారణంగా అయిదారు గంటల్లో పూర్తవుతాయి.

దీనివల్ల కలిగే మేలును తక్కువ చేసి చూడకూడదు. సిలబస్‌లో పైథాన్ నేర్చుకున్న విద్యార్థికి అదే భాష ట్రేడింగ్ డెస్క్ మీద ఎందుకు పనికొస్తుందో తొలిసారి తెలుస్తుంది. పరీక్షలో అడిగే ప్రశ్నకూ, ఉద్యోగంలో ఎదురయ్యే అవసరానికీ ఎంత తేడా ఉంటుందో అర్థమవుతుంది. ఈ పని నాకు నచ్చుతుందా, నచ్చదా అని పైసా ఖర్చు లేకుండా తేల్చుకునే వీలు దొరుకుతుంది. అన్నిటికంటే ముఖ్యం, తలుపులు అందరికీ తెరిచి ఉండటం. మామూలు ఇంటర్న్‌షిప్‌ల లోకంలో ఈ సమానత్వం లేదు. రిజర్వ్ బ్యాంకు తన వేసవి ఇంటర్న్‌షిప్‌కు ఏటా తీసుకునేది గరిష్ఠంగా 125 మందిని. పెద్ద ప్రైవేటు బ్యాంకులు ఇంటర్న్‌ల కోసం పేరున్న కాలేజీలకే వెళతాయి. పార్వతీపురంలోనో నారాయణపేటలోనో చదివే అమ్మాయికి ఆ గుమ్మం దాకా వెళ్లే దారి కూడా కనబడదు. అలాంటి విద్యార్థికి ఉచితంగా, కులం, ఊరు, కాలేజీ పేరు అడగకుండా దొరికే కొద్ది అవకాశాల్లో ఈ వర్చువల్ కార్యక్రమం ఒకటి.

ఇంగ్లండ్ అనుభవం కూడా ఇదే చెబుతుంది. అక్కడ పద్నాలుగు నుంచి పదహారేళ్ల వయసు పిల్లలు కొద్దిరోజులు ఏదో ఒక ఉద్యోగ స్థలంలో గడపడం ఒకప్పుడు బడి చదువులో భాగం. 2012లో ఆ వయసువారికి పని సంబంధిత విద్య తప్పనిసరి అన్న నిబంధనను ప్రభుత్వం ఎత్తేసింది. ఆ తర్వాత మంచి చోట అవకాశం దొరకడం చాలావరకు తల్లిదండ్రుల పరిచయాల మీద ఆధారపడింది. నాన్న లాయరైతే కూతురికి లా ఆఫీసు, అమ్మ బ్యాంకులో పనిచేస్తే కొడుక్కి బ్యాంకు. 2014లో వచ్చిన గాట్స్‌బీ ప్రమాణాలు ప్రతి విద్యార్థికీ పదహారేళ్లలోపు ఒకసారి, పద్దెనిమిదేళ్లలోపు మరోసారి ఉద్యోగ స్థలం అనుభవం ఉండాలని చెప్పాయి. కానీ అందరికీ చోటు చూపడం బడుల తరం కాలేదు. కొవిడ్ కాలంలో స్పీకర్స్ ఫర్ స్కూల్స్ వంటి స్వచ్ఛంద సంస్థలు పెద్ద కంపెనీలతో కలిసి ఆన్‌లైన్ ప్లేస్‌మెంట్లు మొదలుపెట్టినప్పుడు లండన్‌కు దూరంగా ఉన్న పట్టణాల పిల్లలకు కూడా ఆ లోకం కనబడింది. కాబట్టి వర్చువల్ అవకాశాలను రద్దు చేయాలని నేను అనను. వాటిలో లోపించిన ముఖ్యమైన భాగాన్ని చేర్చాలని అంటున్నాను. ఆ భాగం ఏదో బ్యాంకుల పని పద్ధతే చెబుతుంది.

బ్యాంకులో ఒక్కరోజు పనిచేసిన వారికైనా మేకర్, చెకర్ అనే మాటలు తెలుసు. ఒకరు ఎంట్రీ వేస్తారు, మరొకరు చూసి పాస్ చేస్తారు. చిన్న మొత్తాల సంగతి పక్కనపెడితే, తాను వేసిన ఎంట్రీని తానే పాస్ చేసుకునే అధికారం సాధారణంగా ఉండదు. కంప్యూటర్లు లేని రోజుల్లో వోచర్ మీద క్లర్కు సంతకంతో పాటు ఆఫీసరు సంతకం కూడా ఉండాల్సిందే. కోర్ బ్యాంకింగ్ వచ్చాక ఆ సంతకాల స్థానంలో రెండు వేర్వేరు లాగిన్లు వచ్చాయి, సూత్రం మాత్రం మారలేదు. ఎవరి నిజాయితీ మీదో అనుమానంతో మాత్రమే పెట్టిన నియమం కాదిది. ఎంత తెలివైనవారైనా తమ తప్పు తమకు కనబడదన్న ఎరుకతో కూడా పెట్టినది. బ్యాంకు ఉద్యోగానికి కొత్తగా వచ్చినవారు మొదట నేర్చుకునేది వడ్డీ లెక్కలు కాదు, తమ పనిని ఇంకొకరు చూస్తారన్న స్పృహతో పనిచేయడం. నా ఎంట్రీ తప్పయితే పక్క సీటులో ఉన్నవారు ఆపుతారు, వారు ఆపకపోతే ఖాతాదారు నష్టపోతారు, ఇద్దరం సంజాయిషీ ఇచ్చుకోవాలి అన్న స్పృహ అది. అది ఒక్కరోజులో అలవడదు. స్టేట్ బ్యాంకు తన ప్రొబేషనరీ ఆఫీసర్లను రెండేళ్లు ప్రొబేషన్‌లో ఉంచుతుంది.

ఈ సూత్రం పలచబడితే ఏం జరుగుతుందో ఇటీవలి చరిత్రలో రెండు ఘటనలు చూపుతాయి. 2018 ఫిబ్రవరిలో బయటపడ్డ పంజాబ్ నేషనల్ బ్యాంకు కుంభకోణంలో ముంబై బ్రాడీ హౌస్ శాఖ నుంచి ఇతర బ్యాంకుల విదేశీ శాఖలకు హామీ పత్రాలు, బ్యాంకుల మధ్య నడిచే స్విఫ్ట్ సందేశాలుగా వెళ్లిపోయాయి. బ్యాంకు కోర్ బ్యాంకింగ్ వ్యవస్థలో అవి నమోదు కాలేదు, చూడాల్సిన వ్యవస్థ చూడలేదు. నష్టం 13 వేల కోట్ల రూపాయలు దాటింది. రెండోది 2020 ఆగస్టు నాటిది. రెవ్లాన్ కంపెనీ రుణదాతలకు దాదాపు 78 లక్షల డాలర్ల వడ్డీ చెల్లించాల్సిన సిటీబ్యాంకు పొరపాటున దాదాపు 90 కోట్ల డాలర్లు పంపేసింది. ఆ చెల్లింపును ముగ్గురు చూశారు. ఎంట్రీ వేసినవారు, సరిచూసినవారు భారత్‌లో పనిచేసే కాంట్రాక్టు సిబ్బంది. ఆమోదించినవారు అమెరికాలో ఉన్నారు. సాఫ్ట్‌వేర్ తెరమీద మూడు గడులు నింపాల్సిన చోట ఒకటే నింపారు, ముగ్గురూ అది సరైనదేననుకున్నారు. మొదటి ఘటనలో చూసే వ్యవస్థే తప్పిపోయింది. రెండోదానిలో చూసేవారు ఉన్నారు, కానీ వారిలో ఎవరూ ‘ఇలా ఎందుకు చేశారు’ అని నిలదీయలేదు. బ్యాంకింగ్‌లో పని నేర్పడమంటే అలా నిలదీయడాన్నీ, దానికి జవాబు చెప్పుకోవడాన్నీ నేర్పడం.

ఈ కొలతతో చూస్తే వర్చువల్ కార్యక్రమంలో లోటు స్పష్టంగా తెలుస్తుంది. విద్యార్థి మేకర్‌గా ఉన్నారు, చెకర్ లేరు. పంపిన జవాబును బ్యాంకు తరఫున ఎవరూ చదవరు. తప్పు కోడ్ పంపినా, సగం కోడ్ పంపినా తర్వాతి దశ తెరుచుకుంటుంది, సర్టిఫికెట్ వస్తుంది. నమూనా జవాబు ఉంది కదా అనవచ్చు. నమూనాతో పోల్చుకోవడానికీ, మనిషి చేత దిద్దించుకోవడానికీ చాలా తేడా ఉంది. నమూనా ‘సరైన జవాబు ఇది’ అని చెప్పగలదు. మీ ఆలోచన ఏ మలుపులో దారి తప్పిందో చెప్పలేదు. మీ జవాబు వేరుగా ఉన్నా సరైనదేనని ఒప్పుకోలేదు. మీరు రాసిన మూడు పేజీల మెమో అక్షరాలా బాగున్నా, పై అధికారి రెండు నిమిషాల్లో చదవాలంటే మొదటి వాక్యంలోనే విషయం రావాలని చెప్పలేదు. పైగా ఈ పనులకు రెడీమేడ్ జవాబులు కోడ్ పంచుకునే గిట్‌హబ్ సైటులో కుప్పలుగా దొరుకుతున్నాయి. ఇప్పుడు కృత్రిమ మేధ వాటిని క్షణాల్లో రాసిపెడుతుంది. చేసినవారికీ, చేయించుకున్నవారికీ ఒకే కాగితం ఇచ్చే ఏర్పాటులో ఎక్కువగా నష్టపోయేది రాత్రంతా కూర్చుని నిజంగా చేసిన విద్యార్థే.

మనిషి ఉంటే ఆన్‌లైన్‌లోనూ ఫలితం మారుతుందని చెప్పడానికి ఆధారం ఉంది. 2020 వేసవిలో ప్రపంచమంతటా పెద్ద కంపెనీలు, బ్యాంకులు తమ ఇంటర్న్‌షిప్‌లను ఆన్‌లైన్‌కు మార్చాయి. గోల్డ్‌మన్ శాక్స్, సిటీ వంటివి వ్యవధిని అయిదు వారాలకు కుదించి నడిపాయి. అదే వేసవిలో ఒక పెద్ద అంతర్జాతీయ సంస్థ ఇంటర్న్‌ల మీద ఇయావోర్ బోజినోవ్, పృథ్వీరాజ్ చౌధురి, జాక్వెలిన్ లేన్ అనే పరిశోధకులు ఒక ప్రయోగం చేశారు. లాటరీ పద్ధతిలో కొందరు ఇంటర్న్‌లకు సీనియర్ మేనేజర్లతో నేరుగా, తీరిగ్గా మాట్లాడుకునే ఆన్‌లైన్ సమావేశాలు ఏర్పాటు చేశారు. అలా మాట్లాడే అవకాశం దొరికినవారికి వారంవారం వచ్చే పనితీరు రేటింగులు మెరుగ్గా ఉన్నాయి, ఉద్యోగ ఆఫర్లు వచ్చే అవకాశం పెరిగింది, ఇంటర్న్‌షిప్ మీద అభిప్రాయం కూడా బాగుంది. అందరూ ఇళ్లలోనే ఉన్నారు, అందరూ తెరల ముందే పనిచేశారు. తేడా తెచ్చింది ఎదురుగా మాట్లాడిన పెద్ద మనిషి. ఆ ఏడాది ఇంటర్న్‌లకూ, ఇవాళ ఒంటరిగా సర్టిఫికెట్ తెచ్చుకునే విద్యార్థికీ మధ్య ఉన్న దూరం ఇదే.

సాఫ్ట్‌వేర్ ఇంజినీర్ల మీద నటాలియా ఇమాన్యుయెల్, ఎమ్మా హారింగ్టన్, అమాండా పలైస్ చేసిన మరో అధ్యయనం దీనికి బలమిస్తుంది. అమెరికాలోని ఒక పెద్ద కంపెనీలో, జట్టంతా ఒకే భవనంలో ఉన్న ఇంజినీర్లకు తమ కోడ్ మీద వచ్చే వ్యాఖ్యలు, సవరణలు, జట్టులో కొందరు వేరే భవనంలో ఉన్నవారికి వచ్చినవాటికంటే దాదాపు అయిదో వంతు ఎక్కువని వారు తేల్చారు. కొవిడ్‌తో ఆఫీసులు మూతపడగానే ఆ తేడా చాలావరకు పోయింది. దగ్గరగా ఉండటం సీనియర్ల సొంత పనిని కొంత తగ్గించింది, ఎందుకంటే వారి సమయం జూనియర్లను దిద్దడానికి పోయింది. దిద్దించుకున్నవారి జీతాలు వెంటనే పెరగకపోయినా, దీర్ఘకాలంలో పెరిగాయి. అంటే దిద్దడానికి ఖర్చు ఉంది, దాన్ని సీనియర్లు భరిస్తారు, ఫలితం కొన్నేళ్లకు అందుతుంది. బ్యాంకులకు ఈ సంగతి తెలియనిది కాదు. గోల్డ్‌మన్ శాక్స్ అధిపతి డేవిడ్ సాలమన్ 2021 ఫిబ్రవరిలోనే, కొత్తగా చేరే యువత మరో ఏడాది కూడా దూరం నుంచే పని మొదలుపెట్టడం తనకు ఇష్టం లేదన్నారు. జేపీ మోర్గాన్ 2025 మార్చి నుంచి ఉద్యోగులను వారానికి అయిదు రోజులూ ఆఫీసుకు పిలిచింది. తమవారికి పెద్దల పక్కన కూర్చుని నేర్చుకోవడం తప్పనిసరి అనుకున్న సంస్థలు, తమ పేరుతో బయటి విద్యార్థులకు ఇచ్చే అనుభవంలో దాంట్లో పిసరంతైనా ఉండేలా చూడాలి.

2020 ప్రయోగంలో తెలుగు విద్యార్థులకు వర్తించే మరో సంగతి ఉంది. ఇంటర్న్, మేనేజర్ ఒకే రకమైన నేపథ్యం నుంచి వచ్చినప్పుడు ఫలితం ఇంకా బలంగా కనిపించింది. తనలాంటివారితో మాట్లాడుతున్నప్పుడు అడగాల్సినది అడగడానికి జంకు ఉండదు, చెప్పేవారికీ ఎక్కడ తడబడుతున్నారో తెలుస్తుంది. పదో తరగతి దాకా తెలుగు మాధ్యమంలో చదివిన విద్యార్థికి వర్చువల్ కార్యక్రమంలోని ఇంగ్లిష్ వీడియో అర్థం కాకపోవడం పెద్ద సమస్య కాదు, రెండోసారి చూడవచ్చు. తన సందేహం చిన్నదేమో, నవ్వుతారేమో అన్న భయం మాత్రం వీడియో తీర్చలేదు. జేపీ మోర్గాన్, గోల్డ్‌మన్ శాక్స్, వెల్స్ ఫార్గో, బ్యాంక్ ఆఫ్ అమెరికా, హెచ్‌ఎస్‌బీసీ వంటి సంస్థల పెద్ద కేంద్రాలు హైదరాబాద్‌లోనే ఉన్నాయి. వాటిలో మన జిల్లాల నుంచి వెళ్లి, ఇవే భయాలు దాటినవారు పెద్ద సంఖ్యలో పనిచేస్తున్నారు. వర్చువల్ కార్యక్రమం పూర్తి చేసిన మన విద్యార్థికి వారిలో ఒకరితో అరగంట మాట్లాడే వీలు కల్పించడం అసాధ్యమైన కోరిక కాదు.

దీనికి ఎదురయ్యే అభ్యంతరాల్లో మొదటిది సంఖ్య. లక్షలమంది చేసే కార్యక్రమంలో ప్రతి ఒక్కరి జవాబునూ బ్యాంకు ఉద్యోగి చదవాలంటే కుదురుతుందా అని అడుగుతారు. కుదరదు, అడగాల్సిందీ అది కాదు. అందరికీ తెరిచి ఉన్న దశ అలాగే ఉండాలి. దాన్ని పూర్తి చేసి, తన పనిని చూపించుకోవడానికి సిద్ధపడిన వారికి రెండో దశ ఉండాలి. లెక్క వేస్తే ఇది కొండంత పనేమీ కాదు. ఒక కాలేజీలో అరవై మంది ఉన్న సెక్షన్‌లో ఒక్కొక్కరికి పావుగంట ఇచ్చినా మొత్తం పదిహేను గంటలు. ముగ్గురు పంచుకుంటే మనిషికి అయిదు గంటలు. ఉద్యోగులకు తీరిక లేకపోతే పదవీ విరమణ చేసినవారు ఉన్నారు. 1923లో మచిలీపట్నంలో భోగరాజు పట్టాభి సీతారామయ్య స్థాపించిన ఆంధ్రా బ్యాంకు 2020 ఏప్రిల్ 1న యూనియన్ బ్యాంకులో కలిసిపోయింది. కానీ అందులో అప్పులు మంజూరు చేసి, మొండి బకాయిలు వసూలు చేసి, తనిఖీలు చేసిన అనుభవజ్ఞులు తెలుగు పట్టణాల్లో ఎందరో ఉన్నారు. ఒక విద్యార్థి తయారు చేసిన రుణ ప్రతిపాదనను చూసి ‘ఈ వ్యాపారి రుణం తీర్చగలడని ఏ అంకె చూసి నమ్మావు’ అని అడగగలిగినవారు వారే. కాలేజీలు పిలిస్తే వచ్చేవారికి కొదవ ఉండదు.

రెండో అభ్యంతరం ఖాతాదారుల గోప్యత. బయటి విద్యార్థికి బ్యాంకులో నిజమైన పని ఎలా ఇస్తారని అడుగుతారు. ఇది గట్టి అభ్యంతరం. ఖాతాదారు వివరాలు బయటపెట్టకపోవడం బ్యాంకు చట్టబద్ధ బాధ్యత అని ఇంగ్లండ్ అప్పీలు కోర్టు వందేళ్ల కిందటే టూర్నియర్ కేసులో తేల్చింది. మన దేశంలోనూ బ్యాంకులు ఆ సూత్రాన్నే పాటిస్తున్నాయి. 2023లో డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం కూడా వచ్చింది. అయితే నేను అడుగుతున్నది విద్యార్థికి నిజమైన ఖాతాలు చూపమని కాదు. కల్పిత డేటా మీద చేసిన పనిని నిజమైన మనిషి చూడాలని. షేర్ల నిష్పత్తి లెక్కించే కోడ్‌ను దిద్దడానికి ఏ ఖాతాదారు పేరూ అవసరం లేదు. కల్పిత కంపెనీ ఆస్తి అప్పుల పట్టీ మీద రాసిన మెమోను ప్రశ్నించడానికి ఏ రహస్యమూ బయటపడదు. గోప్యత అడ్డుపడేది డేటాకు, దిద్దుబాటుకు కాదు.

మూడో అభ్యంతరం కొత్తది. కోడ్‌లో తప్పులు చూపడానికి, మెమో సవరించడానికి ఇప్పుడు కృత్రిమ మేధ ఉండగా మనిషి ఎందుకని. సాధనంగా అది పనికొస్తుంది, వాడుకోవాలి. సింటాక్స్ తప్పు, లెక్కలో పొరపాటు అది మనిషికంటే త్వరగా పట్టవచ్చు. కానీ బ్యాంకులో చెకర్ చేసేది తప్పు పట్టడం ఒక్కటే కాదు, ‘ఇది సరైనదే’ అని తన పేరు మీద పూచీ పడటం. రేపు తేడా వస్తే వారు జవాబు చెప్పాలి. అందుకే వారు అడిగే ప్రశ్నకు బరువు ఉంటుంది, దానికి జవాబు చెప్పేవారి వెన్ను నిటారుగా అవుతుంది. యంత్రం ముందు సర్దిచెప్పుకోవచ్చు, మరో జవాబు ఇమ్మని అడగవచ్చు, నచ్చకపోతే తెర మూసేయవచ్చు. పూచీ పడే మనిషి ముందు అలా కుదరదు. విమాన చోదకులు కూడా సిమ్యులేటర్‌లోనే నేర్చుకుంటారు కదా అని మరికొందరు అంటారు. నిజమే. కానీ ఆ గదిలో శిక్షకులు ఉంటారు, ఏం చేశారో గమనిస్తారు, తప్పితే మళ్లీ చేయిస్తారు, పాసయ్యారో లేదో సంతకం పెట్టి చెబుతారు. ఆ ఉదాహరణ నా వాదననే బలపరుస్తుంది.

నాలుగో అభ్యంతరాన్ని నేను పూర్తిగా ఒప్పుకుంటాను. ఆఫీసుకు వెళ్లి చేసే ఇంటర్న్‌షిప్‌లన్నీ గొప్పవా అని అడుగుతారు. కావు. జిరాక్సులు తీయించి, ఫైళ్లు మోయించి, నెలాఖరున ఉత్తరం చేతిలో పెట్టిన చోట్లు ఉన్నాయి. పనిచేయకుండానే డబ్బు కట్టి సర్టిఫికెట్ తెచ్చుకునే దందాలూ ఉన్నాయి. అటువంటి ఇంటర్న్‌షిప్ కంటే ఒంటరిగా నిజాయితీగా చేసిన వర్చువల్ కార్యక్రమమే మేలు. అందుకే కొలత చోటును బట్టి ఉండకూడదంటున్నాను. ఆఫీసైనా, ఆన్‌లైనైనా అడగాల్సినవి అవే ప్రశ్నలు: మీ పనిని ఎవరు చూశారు? ఏం తప్పు చెప్పారు? మీరు ఏం మార్చారు? ఈ మూడింటికీ జవాబు ఉంటే అది అనుభవం. జిరాక్సు తీసినవారి దగ్గరా, కోడ్ కాపీ కొట్టినవారి దగ్గరా వీటికి జవాబు ఉండదు.

ఈ కొలతను అమలులో పెట్టాల్సింది ముందుగా విశ్వవిద్యాలయాలు. యూజీసీ ఇంటర్న్‌షిప్ మార్గదర్శకాల్లో ఒక క్రెడిట్‌కు లెక్క 30 గంటలు. అయిదారు గంటల వర్చువల్ కార్యక్రమం ఆ లెక్కలో పావు క్రెడిట్ కూడా కాదు. ఆ మార్గదర్శకాలు పని ఇచ్చే సంస్థలో ఒక పర్యవేక్షకుడు, కాలేజీలో ఒక మెంటార్ ఉండాలని కూడా చెబుతున్నాయి. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2020–21లో మూడేళ్ల డిగ్రీలో మొత్తం పది నెలల ఇంటర్న్‌షిప్‌ను ప్రవేశపెట్టింది. ఉద్దేశం మెచ్చుకోదగినది. కానీ డిగ్రీ విద్యార్థులందరికీ చోటిచ్చేన్ని కంపెనీలు జిల్లాల్లో లేవు. ఆ ఖాళీని ఆన్‌లైన్ కోర్సులు, వర్చువల్ ఇంటర్న్‌షిప్‌లు నింపాయి. సంఖ్యను చేరుకోవాలన్న ఒత్తిడిలో పర్యవేక్షణ జారిపోతుంది. కాబట్టి నియమం ఇలా ఉండాలి: ఏ వర్చువల్ కార్యక్రమానికైనా క్రెడిట్ ఇవ్వాలంటే విద్యార్థి చేసిన మొదటి రూపం, దాని మీద పర్యవేక్షకుడు రాసిన వ్యాఖ్యలు, సవరించిన రూపం మూడూ సమర్పించాలి. కాలేజీలో పది నిమిషాలు నోటితో వివరించాలి. సర్టిఫికెట్ ఒక్కటే తెస్తే అది చదువుకు అదనపు కృషిగా నమోదు కావాలి, ఇంటర్న్‌షిప్‌గా కాదు.

బ్యాంకుల వంతు కూడా ఉంది. స్టేట్ బ్యాంకుకు దేశంలో 22 వేలకు పైగా శాఖలున్నాయి. ఒక్కో శాఖ ఏడాదిలో ఇద్దరు విద్యార్థులను రెండు వారాలపాటు పక్కన కూర్చోబెట్టుకున్నా 44 వేల మందికి చోటు దొరుకుతుంది. ఒక్క బ్యాంకు సంగతే ఇది. నమూనా ఫారం మీద కేవైసీ పత్రాలు సరిచూడటం, పొదుపు సంఘాల మహిళలకు అర్థమయ్యేలా వడ్డీ లెక్క చెప్పడం, సాయంత్రం క్యాష్ టాలీ అయ్యేదాకా ఎవరూ లేవకపోవడం, ఇవన్నీ ఏ ఖాతా రహస్యమూ తాకకుండా చూడగలిగినవే. పూర్తికాలం నేర్చుకునేవారికి మార్గాలు ఇప్పటికే ఉన్నాయి. 2023లో స్టేట్ బ్యాంకు 6,160 అప్రెంటిస్ స్థానాలకు ప్రకటన ఇచ్చింది. ఏడాది శిక్షణకు నెలకు 15 వేల రూపాయల స్టైపెండ్ ఇస్తూ, స్థానిక భాష వచ్చి ఉండాలని షరతు పెట్టింది. 2024 అక్టోబరులో మొదలైన ప్రధానమంత్రి ఇంటర్న్‌షిప్ పథకం పెద్ద కంపెనీల్లో పన్నెండు నెలల అనుభవానికి నెలకు 5 వేలు ఇస్తామంటూ మొదలైంది. వర్చువల్ కార్యక్రమం ఈ మార్గాలకు మొదటి మెట్టు కావాలి. అందులో బాగా చేసి, తమ పనిని వివరించగలిగినవారిని శాఖకు పిలిచే ఏర్పాటు ఉంటే ఆ సర్టిఫికెట్‌కు విలువ దానంతటదే వస్తుంది.

ఈ మార్పులు వచ్చేదాకా విద్యార్థులు చేతులు కట్టుకుని కూర్చోనక్కరలేదు. వర్చువల్ కార్యక్రమం చేయండి, నమూనా జవాబు చూసేముందు మీ జవాబును మరొకరికి చూపించండి. లెక్చరర్ కావచ్చు, సీనియర్ కావచ్చు, మీ ఊరి బ్యాంకు మేనేజరు కావచ్చు. ‘ఇందులో తప్పు చెప్పండి’ అని అడగడానికి సిగ్గుపడకండి. వారు చెప్పినది, మీరు మార్చినది రాసిపెట్టుకోండి. ఇంటర్వ్యూలో బ్యాంకు పేరు కంటే ఆ కాగితమే మీకు ఎక్కువ అక్కరకొస్తుంది. నియామకాలు చేసేవారు కూడా రెజ్యూమెలో బ్యాంకు పేరు చూసి మురిసిపోవడం, లేదా చూసీ చూడనట్టు పక్కన పెట్టడం మాని, ఆ పని గురించి రెండు ప్రశ్నలు అడగాలి. తమ పేరు ముద్రించిన సర్టిఫికెట్లను పెద్ద బ్యాంకులు వేలాది తెలుగు పిల్లల చేతుల్లో పెడుతున్నాయి. తమ దగ్గర పెద్ద మొత్తం వోచర్‌ను రెండో సంతకం లేకుండా పాస్ చేయని సంస్థలు, తమ పేరు మీద వెళ్లే పని అనుభవానికీ ఆ రెండో సంతకం పెట్టాలి. విశ్వవిద్యాలయాలు అది అడగాలి, ప్రభుత్వాలు అది నియమంగా పెట్టాలి.